పండుగ కార్డుపై వెలివడిన రాజు

గడచిన ఆంగ్ల సంవత్సరాదికి మా యింటికొక శుభాకాంక్షల కార్డు వచ్చెను. పంపినవాడు ఇంగ్లండులో ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు. కార్డు దళసరి కాగితముపై చక్కగా అచ్చొత్తబడినది. దానిపై పూవులు లేవు, దీపములు లేవు. నల్లని గీతలతో చెక్కిన పాతకాలపు బొమ్మ యొకటి యున్నది. కోటగుమ్మము ముందు ఒక పురుషుడు, ఒక స్త్రీ, ఒక పసివాడు, చెప్పులు లేని కాళ్లతో నిలిచియున్నారు. లోపల మాత్రము సర్వశుభములును కలుగుగాక యని ఆంగ్లమున నొక ముద్రితవాక్యము. ఎనిమిదేండ్ల మా మనుమరాలు ఆ కార్డును చేతబట్టుకొని వచ్చి, "తాతయ్యా, వీరెవరు? వీరికి తలుపు తీయరేమి?" అని యడిగెను. నేను కార్డును వెనుకకు త్రిప్పి చూచితిని. "చారిత్రక చిత్రము" అను మాటయు, వెలయు తప్ప అందు మఱేమియు లేదు.

ఆ బొమ్మ నేనెఱిగినదే గావున పిల్లకు కథ చెప్పగలిగితిని. కాని నా మనస్సు కుదుటపడలేదు. నేడు పాశ్చాత్యదేశములలో చిత్రవ్యాపారులు పాతపుస్తకములనుండి ఇట్టి బొమ్మలనేరి, మధ్యయుగపు రాజులు పోపుల పాదములచెంత బడియున్న దృశ్యములను కార్డులపై నచ్చొత్తి అమ్ముచున్నారు. కొనువారు చదువుకొన్నవారు, పంపువారు మన బంధువులు, అందుకొనువారము మనము. ఈ కార్డులను నేను నిందించుచున్నాను. అవి పరమతమునకు సంబంధించినవని కాదు, పరదేశమునుండి వచ్చినవనియు కాదు. ఎవడు చెక్కెను, ఎప్పుడు చెక్కెను, ఎవనిపై కోపముతో చెక్కెను అను మూడు సంగతులను చెఱిపివేసి, ఒక పక్షమువారి వాదమును చరిత్రయొక్క సాక్ష్యముగా మన పిల్లలచేతికిచ్చుచున్నవి గనుక నిందించుచున్నాను.

మొదట సంగతి యేమో చూతము. ఆ పురుషుడు జర్మనీ రాజగు నాలుగవ హెన్రీ. కోటలోపల నున్నవాడు ఏడవ గ్రెగరీ పోపు. కాలము 1077వ సంవత్సరము జనవరి కడపటి దినములు. స్థలము ఉత్తర ఇటలీ కొండలలో మెటిల్డా యను ప్రభురాలి వశమందున్న కనోసా దుర్గము. తగవు బిషప్పుల నియామకమును గూర్చినది. ఆ కాలపు బిషప్పు కేవలము ఉపదేశకుడు కాడు. భూములు, రాబడులు, సైనికులు గలవాడు. రాజు తనకిష్టమైనవానికి ఉంగరమును, దండమును స్వహస్తముతోనిచ్చి ఆ పదవిలో నిలుపుచుండెను. పలుతావుల ఆ పదవులు ధనమునకు అమ్ముడుపోవుచుండెను. ఈ యాచారముపై ధ్వజమెత్తినవాడు గ్రెగరీ. చదువరులారా, ఈ సంగతి మఱువకుడు: కార్డుమీది కథలో క్రూరుడుగా కనబడు నీ పోపు మొదట సంస్కర్త. ఆ దినములలో మనముండినచో బహుశః ఆయన పక్షముననే నిలిచియుందుము.

అయితే దోషమును తొలగింపబోయినవాడు అంతతో నిలువలేదు. 1075లో ఆయన తన ఉత్తరప్రత్యుత్తరముల గ్రంథములో 27 సూత్రములు చేర్పించెను. చక్రవర్తులను పదవినుండి తొలగించు అధికారము పోపునకు కలదట. రాజులందఱును పోపు పాదములనే ముద్దుగొనవలెనట. అధర్మపరుడగు ప్రభువునకు ప్రజలు చేసిన ప్రమాణమును పోపు రద్దు చేయవచ్చునట. 1076 జనవరిలో వర్మ్సు నగరమున హెన్రీయు, ఆయన పక్షపు బిషప్పులును సభచేసి, గ్రెగరీని పీఠము దిగుమనిరి. మఱుసటి నెలలోనే గ్రెగరీ రాజును వెలివేసి, ఆయన ప్రజలను రాజభక్తి ప్రమాణమునుండి విడుదల చేసెను.

వెలి యన నెట్టిదో తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. 1881 డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహమును జరిపించినపుడు, ఆ పక్షమువారికి పురోహితులు దూరమైరి, బంధువులు పంక్తిని కూర్చుండనొల్లరైరి. ఒక యూరిలో కొన్ని గృహములను అంతగా బాధించిన యా యాయుధము ఒక రాజ్యమంతటి పై ప్రయోగింపబడినచో నేమగును? జర్మనీ సామంతులకిది మంచి సందుగా దొరకెను. ఏడాదిలోపల వెలి తొలగించుకొననిచో నిన్ను రాజుగా నంగీకరింపమని వారు హెన్రీకి గడువు పెట్టిరి. ఆయన నడిచలికాలమున భార్యయగు బెర్తాను, మూడేండ్లైనను నిండని కొడుకు కాన్రాడును వెంటబెట్టుకొని ఆల్ప్సు పర్వతములు దాటి కనోసా చేరెను. మూడు దినములు గుమ్మమువెలుపల నిలిచెను. నాలుగవ దినమున తలుపు తెఱవబడెను, వెలి తొలగింపబడెను.

కార్డు ఇచ్చట కథను ఆపివేయును. చరిత్ర యిచ్చట ఆగలేదు. హెన్రీ వంగుటలో పశ్చాత్తాప మెంత యుండెనో రాజనీతియు అంత యుండెను. పోపు అప్పుడు ఆగ్జుబర్గులో జర్మను సామంతులతో సభ చేయుటకు బయలుదేరియుండెను. ఆ సభ జరిగినచో రాజు పని ముగిసియుండును. క్షమాపణ వేడుచు గుమ్మమున నిలిచినవానిని కాదనుట యే గురువునకును తగదు; ఈ ధర్మమును పట్టుకొనియే హెన్రీ పోపు చేతులు కట్టివేసెను. గుమ్మమువెలుపల నిలిచినవాడు ఓడెను, లోపలనున్నవాడు గెలిచెను అని మనము తలతుము. ఆనాటి సామంతులకు వ్యవహారము తలక్రిందులుగా కనబడెను. వారు రెండు నెలలలోపలనే రుడాల్ఫు అనువానిని వేఱొక రాజుగా నెన్నుకొనిరి. యుద్ధము పుట్టెను. 1080లో పోపు హెన్రీని మరల వెలివేసెను. ఆ యేటనే రుడాల్ఫు యుద్ధములో కుడిచేయి తెగి మరణించెను. 1084లో హెన్రీ రోమునగరము ప్రవేశించి, తాను నిలిపిన వేఱొక పోపుచేత చక్రవర్తి కిరీటము ధరించెను. గ్రెగరీకి తోడ్పడవచ్చిన నార్మనుల సేన యా నగరమునే కొల్లగొట్టెను. మఱుసటి యేడు మే నెలలో గ్రెగరీ సలెర్నోలో పరవాసిగా కన్నుమూసెను. బిషప్పుల నియామకపు తగవు మాత్రము 1122లో వర్మ్సు ఒడంబడికతో, ఉంగరమును దండమును ఇచ్చు హక్కును చక్రవర్తి వదలుకొనగా, ఒక తీరునకు వచ్చెను. అప్పటికి ఆ ఇద్దఱును లేరు.

ఇక బొమ్మ సంగతి. కనోసా మఠమున డొనిజో అను సన్న్యాసి ఉండెను. ఆయన దాదాపు 1115 ప్రాంతమున మెటిల్డా చరిత్రమును పద్యములలో రచించెను. ఆ వ్రాతప్రతి నేడు వాటికను గ్రంథాలయమున నున్నది. అందొక రంగుల చిత్రము కలదు. ఆ చిత్రములో రాజు మోకాలు వంచియున్నాడు. కాని పోపు ముందు కాదు. మెటిల్డాయు, క్లూనీ మఠాధిపతి హ్యూగోయు ఆసీనులై యుండగా, తన పక్షమున పోపుతో మాటాడుడని వారిని వేడుచున్నాడు. ఆ చిత్రములో మూసిన తలుపు లేదు, మంచు లేదు, వణకుచున్న బిడ్డ లేడు. పోపు అసలే లేడు. సంగతి జరిగిన తావున నివసించి, జరిగిన నలువదేండ్లలోపల చిత్రింపించినవారికి ముఖ్యమని తోచినది రాయబారము, అవమానము కాదు.

గ్రెగరీయే జర్మను ప్రభువులకు వ్రాసిన లేఖ యొకటి కలదు. రాజు రాజచిహ్నములు విడిచి, పాదరక్షలు లేక, ఉన్నిబట్టతో మూడు దినములు గుమ్మమున నిలిచెనని అందు చెప్పియున్నాడు. తనయొద్ద నున్నవారే యిది ధర్మగురువు కాఠిన్యము కాదు, నిరంకుశుని క్రౌర్యమని తన్ను నిందించిరనియు దాచక వ్రాసినాడు. భార్యయు బిడ్డయు గుమ్మమున నిలిచిరని యా లేఖలో లేదు.

మఱి మా యింటికి వచ్చిన బొమ్మ యెక్కడిది? అది జాన్ ఫాక్సు అను ఆంగ్లేయుని హతసాక్షుల చరిత్రమునకై కొయ్యపై చెక్కబడినది. ఆ గ్రంథమును లండనులో జాన్ డే అను ముద్రాపకుడు మొదట 1563లోను, పెంచి మరల 1570లోను అచ్చువేసెను. కనోసా సంగతికిని ఆ 1570వ సంవత్సరమునకును నడుమ 493 ఏండ్లు. ఆ సంవత్సరమేమి? ఫిబ్రవరి 25వ తేదిని ఐదవ పయసు పోపు ఇంగ్లండు రాణి ఎలిజబెత్తును వెలివేసి, ఆమె ప్రజలను ప్రమాణమునుండి విడుదల చేసిన సంవత్సరము! నాటి యింగ్లీషు చదువరికి హెన్రీ బొమ్మలో కనబడినది పాత జర్మనురాజు కాదు, తన రాణి. ఇంగ్లండు మతాచార్యుల సభ 1571లో ఆ గ్రంథమును పెద్ద దేవాలయములలో నుంచవలెనని నిర్ణయించెను. అనగా ఆ బొమ్మ ఒక రాజ్యము వేఱొక పీఠముపై విసరిన శతఘ్ని. దానిని "చారిత్రక చిత్రము" అని చెప్పుట శతఘ్నిని పూలకుండీ యనుటవంటిది.

ఇదొక్కటియే కాదు. మూడవ అలెగ్జాండరు పోపు చక్రవర్తి ఫ్రెడరికు మెడపై కాలుమోపి నిలిచిన బొమ్మయు ఫాక్సు గ్రంథములో కలదు. ఆ యిద్దఱును 1177 జులై 24వ తేదిని వెనీసులో సంధి చేసికొనిన మాట నిజము. అచ్చటనే యుండిన సలెర్నో ఆర్చిబిషప్పు రోముయాల్డు వ్రాసినదేమి? చక్రవర్తి పైవస్త్రమును తీసి పోపు పాదములకు సాష్టాంగపడెను. పోపు కన్నీటితో నాతనిని లేవదీసి శాంతిముద్దు నిడెను. మెడపై కాలు తరువాతివారు కల్పించిన కథ. కన్నీరు చెఱిపి కాలు చెక్కినవారు తామెవరిని ద్వేషించిరో చెప్పుచున్నారే కాని వెనీసులో నేమి జరిగెనో చెప్పుటలేదు.

ఇచ్చట నా మిత్రులే నన్నాక్షేపింతురు. "మతాధికారుల అహంకారమును వెల్లడించు బొమ్మ యెవరు చెక్కిననేమి? మనము సంస్కారపక్షమువారము గదా. పెత్తనము గుట్టు రట్టగుట మనకు మేలే గదా" అందురు. నేను వారి సందేహమును తేలికగా త్రోసివేయను. మొదటిసారి ఆ బొమ్మ చూచినపుడు నా మనస్సును సంతోషించినది. ఆ సంతోషమే తరువాత నన్ను భయపెట్టినది. మనకు ప్రియమైన అసత్యమునకు మనము ప్రమాణమడుగము. పూర్వాచారపరుని తాళపత్రమునకు నూఱు ప్రశ్నలు వేయువారము, మన పక్షపు బొమ్మకు ఒక్క ప్రశ్నయు వేయకుండుట యే న్యాయము?

ఫాక్సు కోపము నిష్కారణము కాదు. ఆయన జీవితకాలముననే, మేరీ రాణి ప్రభుత్వమున, 1555 మొదలు 1558 వఱకు దాదాపు 280 మంది స్త్రీపురుషులు మతభేదము నిమిత్తమై సజీవముగ దహింపబడిరి. వారి విచారణలను, కడపటి మాటలను ఆయన శ్రమపడి సేకరించెను. ఆ సత్యమే చాలియుండెను. దాని ప్రక్క వెనీసులో త్రొక్కని మెడను త్రొక్కినట్లు చెక్కించుటచేత మేలెవరికి కలిగెను? ఒక బొమ్మ అబద్ధమని తేలిననాడు, నిజముగా కాలిన 280 మంది కథను కూడ అబద్ధమనువాడు బయలుదేరును. సంస్కర్త చెప్పిన అసత్యము ప్రత్యర్థికి దొరకిన కత్తి. గ్రెగరీ బ్రదుకే మనకింకొక హెచ్చరిక: పదవుల విక్రయమును మాన్పింపబోయినవాడు, ఆ మంచి కార్యమునకు వెలి యను ఆయుధమును చేపట్టి, తుదకు తన నగరమే కొల్లపోవుట చూచెను.

ఈ కార్డులయందు నాకు కనబడు రెండవ దోషము మొదటిదానికంటె పెద్దది. ఇందు రాజున్నాడు, పోపున్నాడు, ప్రజ లేదు. ఇంగ్లండు రాజు జాను తన కిరీటమును పోపు ప్రతినిధి పాండల్ఫునకు సమర్పించుచున్న బొమ్మను చూడుడు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు పదవికి స్టీఫెన్ లాంగ్టనును అంగీకరింపనందుకు మూడవ ఇన్నొసెంటు పోపు 1208 మార్చిలో ఇంగ్లండు దేశమంతట మతకర్మలను నిషేధించెను. 1214 జులై వఱకు, ఆఱేండ్లకు పైగా, ఆ నిషేధము సాగెను. దేవాలయములలో సామాన్యారాధన లేదు. శిశువులకు జ్ఞానస్నానము, మరణించువారి పాపనివేదనము తప్ప తక్కిన కర్మలు నిలిచిపోయెను. చచ్చినవారిని పవిత్రమని తాము నమ్మిన శ్మశానభూమిలో పూడ్చుకొను భాగ్యమైనను ప్రజలకు లేకపోయెను. ఆ ఆర్చిబిషప్పు ఎవరో ఎఱుగని పల్లెటూరి ముసలమ్మ, తన భర్తను పొలముగట్టున పూడ్చి, ఆయన గతియేమో యని ఆఱేండ్లు కుమిలియుండును. ఆమె చేసిన తప్పేమి?

జాను 1213 మే 15వ తేదిని లొంగి, రాజ్యమును పోపునకు సమర్పించి, ఏటేట వేయి మార్కుల కప్పము కట్టుటకొప్పుకొనెను. అంతట ఇద్దఱును మిత్రులైరి. 1215లో సామంతులు రాజుచేత మహాశాసనము వ్రాయించుకొనగా, రాజు కోరికపై పోపు దానిని ఆగస్టు నెలలో రద్దుచేసెను. వంగిన రాజు మరల లేచెను. వంచిన పోపు ఆయనకు చేయూతనిచ్చెను. పొలముగట్టున పూడ్చబడినవానికి మాత్రము ఏ చెక్కుడు పనివాడును బొమ్మ చెక్కలేదు. ఏ కార్డును ఆతని పేర శుభములు పలుకదు.

"చిన్న కాగితముముక్కకింత వాదమా? నవ్వుకొని పాఱవేయరాదా?" అని యడుగువారికి ఒక్క సంగతి చెప్పెదను. లోకమున వ్యాపారమునకై అచ్చయిన మొదటి క్రిస్మసు కార్డు 1843లో లండనులో వెలువడెను. హెన్రీ కోలు చేయించగా జాన్ హార్స్‌లీ చిత్రించెను. వెల ఒక షిల్లింగు. నడుమ ఒక కుటుంబము ద్రాక్షాసారాయి పాత్రలెత్తుచున్నట్లును, ఒక పసిబిడ్డయు దానిని రుచి చూచుచున్నట్లును ఉన్నది. మద్యపాన విరోధులు వెంటనే దానిని ఖండించిరి. అనగా బొమ్మ పిల్లలకేమి నేర్పునను విచారము కార్డుతోపాటే పుట్టినది. నేను తెచ్చిపెట్టినది కాదు. ఆ కార్డుకే రెండు ప్రక్కలను వేఱు బొమ్మలున్నవి: ఒకవైపు ఆకలిగొన్నవారికి అన్నము పెట్టుట, ఒకవైపు బట్టలేనివారికి బట్టనిచ్చుట. పాఠ్యపుస్తకమును పిల్లవాడు పరీక్షకై చదివి మూయును. కార్డు అలమరపై నెలలతరబడి నిలిచి ప్రతిదినము కంటబడును. తండ్రి చెప్పని పాఠమును అది చెప్పును.

ఈ కార్డులను నిషేధింపుడని నేను కోరను. తలుపులు మూయుటయు, వెలివేయుటయు ఏ ఫలమిచ్చునో పైన చెప్పిన కథయే చాటుచున్నది. నేను కోరునది స్వల్పము. అచ్చువేయువారు కార్డు వెనుక మూడు పంక్తులు చేర్చవలెను: సంగతి జరిగిన సంవత్సరము, బొమ్మ చెక్కిన సంవత్సరము, చెక్కించిన పక్షము. పంపువారు వానిని చదివి పంపవలెను. అవి లేని కార్డు మన యింటికి వచ్చినచో, తెలిసికొని మనచేతనే వ్రాయవలెను. తెలియనిచో పిల్లలతో "తెలియదు, వెదకుదము" అనవలెను. ఇది విద్యగల గృహస్థులకు తలకుమించిన భారము కాదు.

మా యింటి కార్డు వెనుక నేను తెలుగున నిట్లు వ్రాసితిని: "సంగతి 1077. బొమ్మ 1570. చెక్కించినవారు పోపునకు విరోధులు. రాజు నిలిచిన మాట నిజము. భార్యయు బిడ్డయు నిలిచిరనుటకు పోపు లేఖలో ఆధారము లేదు." మనుమరాలు దానిని కూడబలుకుకొని చదివి, "అయితే ఈ పసివాడు అక్కడ లేనేలేడా, తాతయ్యా?" అని యడిగెను. ఆల్ప్సు పర్వతములలో చలికి వణకియుండును గాని, గుమ్మమున నిలిచెనో లేదో మనము చెప్పలేమంటిని. పిల్ల కొంతసేపు బొమ్మను చూచి, కార్డును అలమరపై వెనుకవైపు కనబడునట్లు నిలిపి పోయెను. మేనల్లునికి కూడ ఆ ఐదు వాక్యములు వ్రాసి పంపితిని. రాబోవు ఏట కార్డు పంపుటకు ముందు వెనుకవైపు చూచునని నమ్ముచున్నాను.